ఆర్‌వీయే ఇల్లయినవారికి దేశమంతటా అక్కరకొచ్చే ఆరోగ్య బీమా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఇల్లు అమ్మేసో, అద్దె ఇల్లు ఖాళీ చేసో, ఆర్‌వీనే (లోపల ఇల్లులా అమర్చిన పెద్ద బండినే) ఇంటిగా చేసుకొని ఏడాది పొడవునా రాష్ట్రాలు తిరిగే కుటుంబాలలో ఇప్పుడు తెలుగువారూ కనిపిస్తున్నారు. మాకు దారిలో కలిసినవారిలో ఎక్కువమంది పిల్లల చదువులు అయిపోయాక ఉద్యోగం కాస్త ముందుగా మానేసి బయలుదేరిన దంపతులు. బండి పొడవెంత ఉండాలి, సోలార్ పలకలు ఎన్ని పెట్టించాలి అనే విషయాలపై నెలల తరబడి ఆలోచించినవారు కూడా ఆరోగ్య బీమాను చివరి వారానికి వదిలేయడం మేము పదేపదే చూశాం. నిజానికి ఈ వరుస తిరగబడాలి. ముందు బీమా, దాన్నిబట్టి చిరునామా, ఆ తర్వాతే బండి. ఎందుకో కింది జవాబులలో వివరించాం. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప ఇందులోని డాలర్ల అంకెలు 2026 సంవత్సరానివి.

మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ బీమా అమ్మకపు వేదికలో) కొన్న ప్లాన్ దేశమంతటా చెల్లుతుందని ఏజెంటు చెప్పారు. ఇక చింత లేనట్టేనా?

ఆ మాట అబద్ధం కాదు గానీ సగమే నిజం. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఏదైనా సరే, అత్యవసర చికిత్సను నెట్‌వర్క్ (బీమా సంస్థతో ఒప్పందం ఉన్న వైద్యులు, ఆసుపత్రులు) బయటి ఆసుపత్రిలో చేయించుకున్నా చెల్లించి తీరాలి. 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ యాక్ట్ దానికి మరో రక్షణ చేర్చింది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో అయితే మీరు ఎంత వాటా కట్టేవారో అంతకు మించి కట్టమని ఆ అత్యవసర చికిత్సకు ఎవరూ మీకు బిల్లు పంపకూడదు. కాబట్టి మోంటానాలో గుండెనొప్పి వచ్చినా, మెయిన్‌లో అపెండిక్స్ పొడిచినా, ఆ మొదటి రోజు గురించి భయపడనక్కరలేదు.

భయపడవలసింది రెండవ వారం గురించి. కుట్లు తీయించుకోవడం, ఎముక అతికిందో లేదో చూపించుకోవడం, ఫిజికల్ థెరపీ, స్పెషలిస్టు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోవడం, వీటిలో ఏదీ చట్టం దృష్టిలో అత్యవసరం కాదు. యూటాలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో నా భార్య మెట్టు జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎమర్జెన్సీ గదిలో జరిగినదంతా బీమా చెల్లించింది. ఆ తర్వాత ఆరు వారాల పాటు జరగవలసిన చికిత్సకు మాత్రం మా రాష్ట్రానికి తిరిగి రావాలన్నారు, లేకపోతే పూర్తి ఖర్చు మాదేనన్నారు. మేము తిరిగి వచ్చాం. చేతికి కట్టుతో పక్క సీటులో కూర్చున్న మనిషిని వెంటబెట్టుకొని పన్నెండు వందల మైళ్లు బండి నడపవలసి వచ్చింది. దేశమంతటా చెల్లడం అంటే ఏమిటో మాకు అప్పుడు అర్థమైంది. అత్యవసరానికి చెల్లడం ఒకటి, మామూలు వైద్యానికి చెల్లడం మరొకటి. ప్లాన్ కొనేముందు ఏజెంటును అడగవలసిన ప్రశ్న ఇది: నేను వేరే రాష్ట్రంలో ఉండగా, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకొని స్పెషలిస్టును చూస్తే మీరు నెట్‌వర్క్ లెక్కన చెల్లిస్తారా?

అత్యవసరమో కాదో ఎవరు తేలుస్తారు? అర్జెంట్ కేర్‌కు వెళ్లినా ఇదే రక్షణ ఉంటుందా?

లక్షణాలను చూసి సామాన్యుడైన వివేకవంతుడు ఇది ప్రాణాపాయమనో, అవయవానికి ముప్పనో అనుకోవడానికి ఆస్కారం ఉంటే అది అత్యవసరమే. ఛాతీలో నొప్పితో వెళ్లాక చివరికి అది గ్యాస్ అని తేలినా, ఆ కారణంతో బీమా సంస్థ చెల్లింపు నిరాకరించకూడదు.

అర్జెంట్ కేర్ సంగతి వేరు. చెవిపోటు, మూత్రంలో మంట, జ్వరం, చిన్న గాయం లాంటి వాటికి ఆర్‌వీవాసులు తరచుగా వెళ్లేది అక్కడికే. అయినా రోడ్డు పక్కన కనిపించే సాధారణ అర్జెంట్ కేర్ క్లినిక్‌కు ఎమర్జెన్సీ గదికి ఉన్న రక్షణ చాలా సందర్భాలలో వర్తించదు. కొన్ని హెచ్‌ఎంవోలు (సొంత నెట్‌వర్క్‌కే పరిమితమయ్యే ప్లాన్లు, కింద వివరించాం) ప్రాంతం బయట అర్జెంట్ కేర్‌కు చెల్లిస్తాయి, కొన్ని చెల్లించవు. ప్లాన్ సారాంశ పత్రంలో అర్జెంట్ కేర్ వరుసలో నెట్‌వర్క్ బయట అనే గడిలో ఏమి రాసి ఉందో కొనే ముందే చదవండి. రెండు నిమిషాల పని అది.

హెచ్‌ఎంవో, ఈపీవో, పీపీవోలలో తిరిగేవారికి ఏది తగినది?

దొరికితే పీపీవో, అది కూడా ఇతర రాష్ట్రాల నెట్‌వర్క్ కలిగినది. హెచ్‌ఎంవోలో సాధారణంగా ఒక ప్రాథమిక వైద్యుణ్ణి ఎంచుకొని ఆయన సిఫారసుతోనే స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలి, నెట్‌వర్క్ బయట అత్యవసరానికి తప్ప పైసా రాదు. ఈపీవోలో సిఫారసు బెడద తక్కువ గానీ నెట్‌వర్క్ గోడ అలాగే ఉంటుంది. పీపీవోలో నెట్‌వర్క్ బయట కూడా కొంత చెల్లిస్తారు, కానీ ఆ కొంత ఎంతో చూడాలి. బయటి డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యేలోపు మీరే కట్టవలసిన మొత్తం) రెట్టింపు ఉండవచ్చు. ప్రణాళిక ప్రకారం చేయించుకున్న చికిత్సకు బయటి వైద్యుడు మిగిలిన మొత్తాన్ని మీ నుంచి వసూలు చేసుకోవచ్చు కూడా.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు మీ జేబులో ఉన్న కార్డు మీద ఏ సంస్థ పేరు ఉందో, అదే పేరు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ మీద కనిపించగానే అదే నెట్‌వర్క్ అనుకుంటారు. కంపెనీల ద్వారా ఇచ్చే ప్లాన్‌లకు దేశవ్యాప్త నెట్‌వర్క్ ఉండడం మామూలు. అదే సంస్థ విడిగా కుటుంబాలకు అమ్మే ప్లాన్ ఒకటి రెండు నగరాలకే పరిమితమై ఉండవచ్చు. పేరు ఒకటే, సరుకు వేరు.

బ్లూక్రాస్ బ్లూషీల్డ్ కుటుంబానికి చెందిన సంస్థల కార్డులపై ఒక చిన్న సూట్‌కేస్ గుర్తు ఉంటుంది. ఆ సూట్‌కేస్ లోపల పీపీవో అనే అక్షరాలు ఉంటే, బ్లూకార్డ్ అనే ఏర్పాటు కింద ఇతర రాష్ట్రాలలోని బ్లూ సంస్థల పీపీవో వైద్యులను నెట్‌వర్క్ ధరకు చూడవచ్చు. సూట్‌కేస్ ఖాళీగా ఉంటే సొంత ప్రాంతం బయట సదుపాయాలు పరిమితమని అర్థం. ప్లాన్ కొనక ముందు కార్డు చేతికి రాదు కనుక, ఆ ప్లాన్ కార్డుపై ఏ గుర్తు ఉంటుందని సంస్థనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాలలో దేన్ని స్థిర నివాసంగా ఎంచుకోవాలి?

ఆర్‌వీవాసులు ఈ మూడింటినే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం తెలిసిందే. మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉత్తరాలు అందుకొని ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపే మెయిల్ సేవలు బాగా స్థిరపడ్డాయి. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ పట్టణం 1978లో మొదలైన ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్‌కు కేంద్రం. ఫ్లోరిడాలో క్లే కౌంటీలోని గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌కు అలాంటి పేరే ఉంది. సౌత్ డకోటాలో ఒక రాత్రి బస చేసిన రసీదు చూపి డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునే వెసులుబాటు చాలామందిని ఆకర్షించింది.

అయితే పన్ను లేదు కదా అని చిరునామా పెట్టుకున్నవారు బీమా దగ్గర చిక్కుపడతారు, ఎందుకంటే అరవై అయిదు లోపు వయసువారికి మార్కెట్‌ప్లేస్‌లో ఏయే ప్లాన్లు కనిపిస్తాయో, ఏ ధరకు కనిపిస్తాయో ప్రధానంగా తేల్చేది ఆ చిరునామాలోని జిప్ కోడ్, కౌంటీ. టెక్సస్‌లో 2016 నుంచి వ్యక్తిగతంగా కొనే పీపీవోలు దాదాపు కనుమరుగయ్యాయి. దొరికేవి ఎక్కువగా హెచ్‌ఎంవోలు, ఈపీవోలు. సౌత్ డకోటాలో అవేరా, శాన్‌ఫోర్డ్ అనే ప్రాంతీయ వైద్య వ్యవస్థల ప్లాన్లు ముఖ్యమైనవి. ఆ చుట్టుపక్కల ఉన్నంత కాలం అవి మంచివే, అరిజోనాలో చలికాలం గడిపేవారికి మాత్రం చాలవు. ఫ్లోరిడాలో ఫ్లోరిడా బ్లూ సంస్థ అమ్మే కొన్ని ప్లాన్లకు బ్లూకార్డ్ ద్వారా ఇతర రాష్ట్రాలలోనూ నెట్‌వర్క్ దొరకడం వల్ల, మెడికేర్ (అరవై అయిదు నిండినవారి ప్రభుత్వ బీమా) వయసు రాని ఆర్‌వీవాసులు చాలాకాలంగా ఆ రాష్ట్రం వైపు మొగ్గుతున్నారు. అదే సంస్థ అమ్మే హెచ్‌ఎంవోలకు ఆ సదుపాయం ఉండదు. అన్ని కౌంటీలలో ఒకే ప్లాన్లు ఉండవు, ఏటేటా మారుతుంటాయి కూడా. అందువల్ల ఎవరో మూడేళ్ల కిందట చెప్పిన మాట పట్టుకోకుండా, మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఆయా జిప్ కోడ్‌లు వేసి ఈ ఏడాది ప్లాన్లను మీ కళ్లతో మీరు చూసుకోవాలి. ఖాతా తెరవకుండానే చూడవచ్చు.

ఆదాయం బాగా తక్కువగా ఉన్నవారు మరో తేడా గమనించాలి. సౌత్ డకోటా 2023 జూలై నుంచి మెడికెయిడ్‌ను (తక్కువ ఆదాయంవారికి ప్రభుత్వం ఇచ్చే బీమాను) మరింతమంది పెద్దలకు విస్తరించింది. టెక్సస్, ఫ్లోరిడా విస్తరించలేదు. ఈ రెండు రాష్ట్రాలలో ఇద్దరున్న కుటుంబానికి ఆదాయం 21,150 డాలర్ల కంటే తక్కువైతే మార్కెట్‌ప్లేస్ రాయితీ (ప్రీమియంలో ప్రభుత్వం భరించే వాటా) రాదు, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు సాధారణంగా మెడికెయిడ్ కూడా రాదు. పైగా మెడికెయిడ్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. అత్యవసరానికి తప్ప సరిహద్దు దాటి పనికిరాదు కనుక, నిత్యం తిరిగేవారికి దాన్ని ఆధారంగా పెట్టుకోమని నేను చెప్పను.

మెయిల్ సేవ ఇచ్చిన చిరునామాతో ప్లాన్ తీసుకోవడం తప్పు కాదా?

స్థిరమైన ఇల్లు లేనివారికి కూడా, వారు ఆ రాష్ట్రంలో ఉండాలనే ఉద్దేశంతో ఉన్నట్లయితే, మార్కెట్‌ప్లేస్ నియమాలు అర్హత ఇస్తున్నాయి. ఉద్దేశం అనేది మాటలో కాక కాగితాలలో కనిపించాలి. డ్రైవింగ్ లైసెన్స్, బండి రిజిస్ట్రేషన్, ఓటరు నమోదు, బ్యాంకు చిరునామా, పన్ను పత్రాలు అన్నీ ఒకే రాష్ట్రానివి కావాలి. ఫ్లోరిడాలోనైతే డిక్లరేషన్ ఆఫ్ డొమిసైల్ అనే పత్రాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయించుకునే వీలుంది. ఏడాదికి కొన్ని వారాలైనా ఆ రాష్ట్రంలో గడపండి. అక్కడే ఒక వైద్యుణ్ణి పెట్టుకొని ఏడాది పరీక్షలు, రక్త పరీక్షలు, పంటి పని, కంటి పని అన్నీ ఒకే విడతలో చేయించుకోవడం ఆరోగ్యానికీ మంచిది, కాగితాలకూ మంచిది. లైసెన్స్ ఒక రాష్ట్రంలో, బీమా ఇంకో రాష్ట్రంలో, పన్ను చిరునామా పిల్లల ఇంట్లో ఉంచుకోవద్దు. పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజున ఆ పొంతన లేనితనమే ప్రశ్నగా మారుతుంది.

ఏడాది మధ్యలో రాష్ట్రం మారితే?

కొత్త చోటికి నిజంగా నివాసం మార్చుకున్నవారికి అరవై రోజుల ప్రత్యేక నమోదు గడువు దొరుకుతుంది. కానీ మారడానికి ముందు అరవై రోజులలో కనీసం ఒక్క రోజైనా తగిన బీమా ఉండి ఉండాలి. పాత ప్లాన్ ఆపేసి మూడు నెలలు ఖాళీగా తిరిగి, ఆ తర్వాత చిరునామా మార్చుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. చలికాలం క్యాంప్‌లో కొన్ని నెలలు ఉండడం నివాసం మార్చుకోవడం కాదు. మామూలు నమోదు నవంబర్ 1న మొదలవుతుంది. డిసెంబర్ 15 లోపు పూర్తి చేస్తే చాలా రాష్ట్రాలలో జనవరి 1 నుంచి బీమా అమలవుతుంది. ఆ ఆరు వారాలలో సిగ్నల్ లేని అడవిలో ఉండకుండా చూసుకోండి.

ప్రభుత్వ రాయితీ మాకు వస్తుందా? ఆదాయం లెక్క ఎలా వేస్తారు?

2021 నుంచి 2025 వరకు ఉన్న అదనపు రాయితీలు 2025 చివరితో ముగిశాయి. 2026 ప్లాన్లకు పాత హద్దు మళ్లీ వచ్చింది. ఒక్కరికైతే 62,600 డాలర్లు, ఇద్దరికైతే 84,600 డాలర్లు దాటిన వెంటనే రాయితీ పూర్తిగా పోతుంది. ఆ హద్దు మీద ఒక్క డాలర్ పెరిగినా అరవై ఏళ్ల దంపతులకు ఏడాదికి వేల డాలర్ల తేడా రావచ్చు. ఇంకో మార్పు మరీ ముఖ్యమైనది. ఆదాయం అంచనా మీద ముందుగా తీసుకున్న రాయితీ అర్హత కంటే ఎక్కువైతే తిరిగి కట్టవలసిన మొత్తానికి ఇంతకుముందు ఆదాయాన్నిబట్టి పరిమితి ఉండేది. 2026 పన్ను సంవత్సరం నుంచి ఆ పరిమితి లేదు, మొత్తం తిరిగి కట్టాలి.

ఇల్లు అమ్మి ఆర్‌వీ కొన్నవారికి మొదటి ఏడాదే ఈ ఉచ్చు పొంచి ఉంటుంది. సొంత ఇంటి అమ్మకంలో వచ్చిన లాభంలో ఒక్కరికి 2,50,000, దంపతులకు 5,00,000 డాలర్ల వరకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. దానికి మించిన లాభం ఆదాయంలో చేరుతుంది. రిటైర్‌మెంట్ ఖాతాల నుంచి తీసిన డబ్బు, షేర్ల లాభం కూడా అంతే. మనవారు ఎక్కువగా మరిచిపోయేది మాత్రం స్వదేశంలోని ఆదాయం. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు గానీ అమెరికా పన్ను లెక్కలో అది ఆదాయమే. గుంటూరులో ఇంటి అద్దె, హైదరాబాద్ శివార్లలో స్థలం అమ్మిన లాభం కూడా ఇక్కడి లెక్కలోకి వస్తాయి. స్థలం అమ్మే ఏడాదీ రాయితీ తీసుకునే ఏడాదీ ఒకటి కాకుండా చూసుకోగలిగితే మంచిది, చూసుకోలేకపోతే రాయితీని ముందుగా తీసుకోకండి.

తక్కువ ప్రీమియం, ఎక్కువ డిడక్టిబుల్ ఉన్న బ్రాంజ్ ప్లాన్ సరిపోతుందా?

చేతిలో పొదుపు ఉండి, నిత్యం వాడే మందులు తక్కువగా ఉన్నవారికి సరిపోవచ్చు. మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో నెట్‌వర్క్ చికిత్సకు ఏడాదిలో మీరు భరించవలసిన గరిష్ఠ మొత్తం ఒక్కరికి 10,600 డాలర్లు, కుటుంబానికి 21,200 డాలర్లు. ఆ మొత్తం ఎప్పుడైనా తీయగలిగేలా పక్కన ఉంచుకొని బయలుదేరండి. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటితోనూ హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా పొదుపు చేసే) ఖాతా తెరిచే వీలు కలిగింది. ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750 డాలర్ల వరకు, యాభై అయిదు దాటినవారు మరో 1,000 డాలర్లు జమ చేసుకోవచ్చు. ఆ జమ పైన చెప్పిన ఆదాయపు లెక్కను కూడా తగ్గిస్తుంది. కానీ పెద్ద నెట్‌వర్క్ ఉన్న బ్రాంజ్‌కీ చిన్న నెట్‌వర్క్ ఉన్న గోల్డ్‌కీ (ప్రీమియం ఎక్కువ, డిడక్టిబుల్ తక్కువ ఉన్నదానికీ) మధ్య ఎంచుకోవలసి వస్తే, తిరిగేవారు పెద్ద నెట్‌వర్క్‌నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఉద్యోగం మానేస్తున్నాను. పాత కంపెనీ బీమానే కొనసాగించుకునే కోబ్రా బాగా ఖరీదట కదా?

ఖరీదే. కంపెనీ వాటాతో కలిపి మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం మీరే కట్టాలి. అయినా మొదటి ఏడాది ప్రయాణానికి దానిని తేలిగ్గా తీసిపారేయవద్దు. ఇరవై లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలలో ఉద్యోగం మానేసినవారికి పద్దెనిమిది నెలల వరకు దొరుకుతుంది, అదే పాత దేశవ్యాప్త నెట్‌వర్క్, అప్పటికే కట్టిన డిడక్టిబుల్ కూడా ఆ ఏడాదికి కొనసాగుతుంది. ఆ వ్యవధిలో ఏ రాష్ట్రం నచ్చిందో, ఈ జీవితం మీకు పడుతుందో లేదో తెలుసుకొని, నమోదు కాలంలో స్థిమితంగా ప్లాన్ ఎంచుకోవచ్చు. ఎంచుకోవడానికి అరవై రోజుల గడువుంటుంది.

ఉద్యోగం చేస్తూనే ఆర్‌వీలో తిరుగుతాం. కంపెనీ బీమా సరిపోతుంది కదా?

దేశవ్యాప్త పీపీవో అయితే బీమా వరకు ఇంతకంటే మంచి పరిస్థితి లేదు. ఏ రాష్ట్రంలో ఉండి పనిచేస్తున్నారో కంపెనీకి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆయా రాష్ట్రాల పన్ను నియమాలు వారికి వర్తిస్తాయి. హెచ్‌1బీ వీసాపై ఉన్నవారికి విషయం ఇంకా సున్నితం. ఆ వీసా పని ప్రదేశంతో ముడిపడి ఉంటుంది, ప్రాంతం దాటి పనిచేయాలంటే కంపెనీ సవరణ దరఖాస్తు వేయవలసి రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ల్యాప్‌టాప్‌తో రాష్ట్రాలు దాటకండి. ఇది బీమా కంటే పెద్ద చిక్కు.

నెలకు తక్కువ డబ్బుతో దేశమంతా వర్తించే హెల్త్ షేరింగ్ సంఘాలు ఉన్నాయంటున్నారు. చేరవచ్చా?

ఆర్‌వీవాసులలో వీటికి ఆదరణ ఎక్కువ, కారణం నెట్‌వర్క్ హద్దులు లేకపోవడమే. కానీ అవి బీమా కావు. సభ్యులు ఒకరి ఖర్చులు ఒకరు పంచుకునే, తరచుగా మతవిశ్వాసం ఆధారంగా నడిచే ఏర్పాట్లు. మీ బిల్లు చెల్లించాలనే చట్టబద్ధమైన బాధ్యత వాటికి లేదు, పాత జబ్బులకు పరిమితులు పెట్టుకోవచ్చు, చెల్లించకపోతే ఫిర్యాదు చేయడానికి రాష్ట్ర బీమా శాఖ చాలా సందర్భాలలో మీకు అండగా రాలేదు. షుగర్, బీపీ ఉన్న యాభై ఎనిమిదేళ్ల మనిషికి నేను వాటిని సూచించలేను. స్వల్పకాలిక ప్లాన్లు చట్టం ప్రకారం బీమాయే, కానీ అవి కూడా పాత జబ్బులను మినహాయిస్తాయి, ఆరోగ్యం చూసి దరఖాస్తు తిరస్కరించగలవు. రెండు నెలల ఖాళీ పూడ్చుకోవడానికి తప్ప వాటి మీద ఆధారపడకండి.

అరవై అయిదు నిండితే ఈ చిక్కులన్నీ తీరుతాయా?

సరైన దారి ఎంచుకుంటే చాలావరకు తీరుతాయి. ఒరిజినల్ మెడికేర్‌కు, అంటే పార్ట్ ఎ, పార్ట్ బి కలిసినదానికి, నెట్‌వర్క్ అనేదే లేదు. దేశంలో మెడికేర్ తీసుకునే ఏ వైద్యుణ్ణయినా, ఏ ఆసుపత్రినైనా చూడవచ్చు. పార్ట్ బి సాధారణ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. పార్ట్ బి చెల్లించాక మిగిలే ఇరవై శాతం వాటా కోసం మెడిగ్యాప్ పాలసీ, మందుల కోసం పార్ట్ డి కలిపి తీసుకుంటే, ఆర్‌వీలో తిరిగేవారికి ఇంతకు మించిన బీమా అమెరికాలో లేదని చెప్పగలను.

దీనికి బదులుగా టీవీలో విస్తారంగా ప్రచారమయ్యే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకు ప్రీమియం తక్కువ, పళ్లకూ కళ్లకూ కొంత కలుపుతారు. అయితే వాటికి సేవా ప్రాంతం, నెట్‌వర్క్ ఉంటాయి. వరుసగా ఆరు నెలలకు మించి ఆ ప్రాంతం బయట ఉంటే సభ్యత్వం తొలగిస్తారు. ప్రయాణికుల కోసం ప్రత్యేక ఏర్పాటు ఉన్న ప్లాన్లలో మాత్రం ఏడాది వరకు అనుమతిస్తారు. ముందు అడ్వాంటేజ్‌తో సరిపెట్టుకొని, జబ్బు చేశాక మెడిగ్యాప్‌కు మారదామనుకోవడం పెద్ద పొరపాటు. అరవై అయిదు నిండి పార్ట్ బి మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లో మెడిగ్యాప్ కొంటే ఆరోగ్యం గురించి అడగకుండా ఇవ్వాలి. ఆ గడువు దాటాక చాలా రాష్ట్రాలలో జబ్బులు చూసి నిరాకరించవచ్చు. జీవితంలో ఒక్కసారి తెరుచుకునే తలుపు అది.

కోబ్రా ఉంది కదా అని పార్ట్ బి వాయిదా వేయకండి. కోబ్రాను గానీ మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌ను గానీ ప్రస్తుత ఉద్యోగం ద్వారా వచ్చిన బీమాగా లెక్కించరు. ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకు పది శాతం చొప్పున పెనాల్టీ పార్ట్ బి ఉన్నంత కాలం ప్రీమియంలో కలుస్తుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా బండిలో తిప్పుదామనుకుంటున్నాం. వారికి ఏ బీమా?

విజిటర్ వీసాపై వచ్చినవారికి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అందులో ఫిక్స్‌డ్ ప్లాన్లు ఒక్కో చికిత్సకు ముందే రాసిన మొత్తం మాత్రమే ఇస్తాయి, అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. కాంప్రెహెన్సివ్ ప్లాన్లు డిడక్టిబుల్ తర్వాత బిల్లులో శాతం చెల్లిస్తాయి, ఎక్కువగా దేశవ్యాప్త పీపీవో నెట్‌వర్క్ వాడతాయి. ప్రయాణికులకు ఇవే మేలు. పాత జబ్బులకు అక్యూట్ ఆన్‌సెట్ అనే మాట కింద హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రమే చెల్లిస్తారు, వయసు డెబ్బై దాటితే ఆ మొత్తం బాగా తగ్గవచ్చు. నాన్నగారికి స్టెంట్ వేసి ఉంటే ఆ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

గ్రీన్‌కార్డుపై వచ్చిన అరవై అయిదు దాటిన తల్లిదండ్రులు ఇక్కడ వరుసగా అయిదేళ్లు నివసించాక మెడికేర్ కొనుక్కోవచ్చు. ఉద్యోగ చరిత్ర లేనందువల్ల పార్ట్ ఎ కి కూడా నెలకు 565 డాలర్లు కట్టాలి. అయిదేళ్లు నిండేవరకు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ కొనవచ్చు.

మందులు, వీడియో ద్వారా వైద్యం దారిలో ఎలా?

మందుల చీటీని అనేక రాష్ట్రాలలో శాఖలున్న పెద్ద ఫార్మసీలో నమోదు చేయించుకుంటే ఏ ఊళ్లోనైనా తీసుకోవచ్చు. తొంభై రోజులకు ఒకేసారి తీసుకోవడం ఇంకా సులువు. నియంత్రిత మందులకు మాత్రం రాష్ట్రం దాటితే ఇబ్బందులు వస్తాయి, వాటిని ముందుగా ప్లాన్ చేసుకోండి. వీడియో వైద్యంలో చాలామందికి తెలియని నియమం ఇది: మీ డాక్టరుకు సాధారణంగా, కాల్ సమయంలో మీరున్న రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి. ఫ్లోరిడా డాక్టరు మీరు కొలరాడోలో ఉండగా చూడలేకపోవచ్చు. అందుకే యాభై రాష్ట్రాలలోనూ డాక్టర్లున్న టెలీహెల్త్ సేవను కలిపి ఇచ్చే ప్లాన్‌కు నేను అదనపు మార్కులు వేస్తాను.

మెక్సికో, కెనడాలలోకి వెళితే?

అరిజోనాలోని యుమా దగ్గర సరిహద్దు దాటి మెక్సికో ఊరు లాస్ అల్గొడోనెస్‌లో పళ్లు, కళ్లజోళ్లు చేయించుకునే ఆర్‌వీవాసులు చాలామంది. అది సొంత డబ్బుతో చేసుకునే పని. ఒరిజినల్ మెడికేర్ దేశం బయట దాదాపు చెల్లదు. ఒక మినహాయింపు అలాస్కా వెళ్లేవారికి తెలిసి ఉండాలి: అలాస్కాకూ మరో రాష్ట్రానికీ మధ్య దగ్గరి దారిలో, అనవసర ఆలస్యం లేకుండా కెనడా మీదుగా వెళుతుండగా అత్యవసరం వచ్చి, అమెరికా ఆసుపత్రి కంటే కెనడా ఆసుపత్రి దగ్గరైతే మెడికేర్ చెల్లించవచ్చు. దారి మళ్లి బాన్ఫ్‌లో వారం గడిపితే ఈ మినహాయింపు మీద ఆశ పెట్టుకోలేం. మెడిగ్యాప్‌లో ప్లాన్ జి, ప్లాన్ ఎన్ వంటివి విదేశంలో ప్రయాణం మొదటి అరవై రోజుల్లో వచ్చిన అత్యవసరానికి 250 డాలర్ల డిడక్టిబుల్ తర్వాత ఎనభై శాతం, జీవితకాలంలో 50,000 డాలర్ల వరకు చెల్లిస్తాయి.

అంబులెన్స్ ఖర్చు బీమాలో వస్తుందా?

హెలికాప్టర్ అంబులెన్స్‌ను మీ ప్లాన్ కవర్ చేస్తే, నో సర్‌ప్రైజెస్ యాక్ట్ కింద నెట్‌వర్క్ వాటాకు మించి బిల్లు పంపకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌ను ఆ చట్టంలో చేర్చలేదు, అందుకే దాని బిల్లు ఎక్కువమందిని దిగ్భ్రాంతికి గురిచేస్తుంది. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేశాయి. ప్లాన్ పత్రంలో ఆ వరుస కూడా చూడండి.

అంతకంటే ముందు అంబులెన్స్ మిమ్మల్ని చేరాలి. అరిజోనాలో క్వార్ట్‌సైట్ చుట్టుపక్కల ఎడారిలో ఉచితంగా బండి ఆపుకున్నవారికి వీధి పేరు, ఇంటి నంబరు ఉండవు. 911కు ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పలేక ఇద్దరూ తడబడే క్షణం రాకూడదు. మేము ఎక్కడ బండి ఆపినా, ముందుగా ఫ్రిజ్ తలుపు మీది చిన్న తెల్లబోర్డుపై సైటు నంబరు లేదా అక్షాంశ రేఖాంశాలు, దగ్గరి ఎమర్జెన్సీ ఆసుపత్రి పేరు రాస్తాం. దాని కిందే ఇద్దరి మందుల జాబితా, బీమా కార్డు నకలు, ఒకరి తరఫున మరొకరు వైద్య నిర్ణయం తీసుకునే అధికారపత్రం నకలు అతికించి ఉంటాయి. బండి ఆపాక జాక్‌లు దించడం నా పని, ఆ బోర్డు మార్చడం నా భార్య పని.